వడిసెల రాయి మొదలు పిస్తోలు తూటా దాక

జొన్నకంకి పాలుపట్టే దినములలో మంచెమీద నిలిచి వడిసెల త్రిప్పే కాపలాదారుని ఎరుగని పల్లె పూర్వము తెలంగాణములో అరుదు. కాలువల నీరు వచ్చి వరిమళ్ళు విస్తరించక ముందు పెన్‌పహాడ్, సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ ప్రాంతములలో మెట్టపైరులే హెచ్చుగా ఉండేవి. పిట్టలను తోలుటకు కాపలాదారు రాళ్ళను ఏరి మంచెమీద కుప్ప పోసుకొనేవాడు. ఏ రాయి పడితే ఆ రాయి పనికిరాదు. పలకరాయి గాలిలో ప్రక్కకు పోతుంది. మరీ చిన్నది దూరము పోదు. మరీ పెద్దది రెండు విసురులకే భుజము లాగుతుంది. కోడిగ్రుడ్డు కంటె కొంచెము చిన్నదిగా, గుండ్రముగా, నునుపుగా ఉన్నది శ్రేష్ఠము. ఈ జ్ఞానము అతడు ఏ గ్రంథములోనూ చదివినది కాదు. అయినను ఒక శాస్త్రమునకు ఇది మొదటి మెట్టు. విసరబడే వస్తువు ఎట్టిదై ఉండవలెను అనే ప్రశ్నకు మానవుడు కనీసము రెండున్నర వేల సంవత్సరములుగా సమాధానము వెదకుచున్నాడు. ఆత్మరక్షణకు ఏ పిస్తోలు తూటా మంచిది అని గత నూటయిరవై సంవత్సరములుగా సాగుతున్న వాదమంతయు ఆ పాత ప్రశ్నకు రూపాంతరమే.

1946లో ఈ ప్రశ్న నల్లగొండ జిల్లా ప్రజలకు పిట్టల విషయములో గాక మనుష్యుల విషయములో ఎదురైనది. ఆ యేడు జూలై 4వ తేదీన కడవెండి గ్రామములో ఊరేగింపుగా పోవుచున్న ప్రజలపై విసునూరు దేశముఖు మనుషులు తుపాకులు కాల్చగా దొడ్డి కొమరయ్య మరణించినాడు. ఆ ప్రజల చేతులలో ఉన్నవి గుత్పలు, వడిసెలలు మాత్రమే. సంఘమునకు ఆ రోజులలో 'గుత్పల సంఘము' అనే పేరే వచ్చినది. అటు తరువాత సూర్యాపేట చుట్టుపట్ల బాలెంల, పాత సూర్యాపేట వంటి గ్రామములలో పోలీసు దాడులను జనము వడిసెల రాళ్ళతోనే ఎదిరించినారు. స్త్రీలు కారపుపొడి, రోకళ్ళు పట్టుకొని నిలిచినారు. 1947 సెప్టెంబరు 11న రావి నారాయణరెడ్డి, బద్దం ఎల్లారెడ్డి, మఖ్దూం మొహియుద్దీన్ సాయుధ పోరాటమునకు పిలుపునిచ్చిన పిమ్మటనే దళముల చేతికి తుపాకులు చెప్పుకోదగినన్ని వచ్చినవి. సూర్యాపేట ప్రాంతపు కరివిరాల కొత్తగూడెమునకు చెందిన భీమిరెడ్డి నరసింహారెడ్డి, ఆయన చెల్లెలు మల్లు స్వరాజ్యం ఆ దళములకు నాయకత్వము వహించినవారు. పోరాటము 1951 అక్టోబరులో విరమింపబడినది.

రాజకీయ చరిత్ర ఇంతవరకు చాలును. ఇక్కడ విచారింపవలసినది, తుపాకి ముందు వడిసెల ఏమి చేయగలదు, ఏమి చేయలేదు అనునది.

వడిసెల అనగా పొడిగింపబడిన చేయి. చేతితో రాయి విసరినపుడు దాని వేగము సెకండుకు ఇరవై మీటర్లు ఉన్నదనుకొందాము. అదే రాయిని ఒక మీటరు వ్యాసార్ధముతో త్రిప్పుచు, విడిచే సమయమునకు సెకండుకు అయిదు చుట్ల వేగమునకు తెచ్చితిమా, వృత్తపరిధి సుమారు 6.3 మీటర్లు కనుక రాయి వేగము సెకండుకు 31 మీటర్లు అగును. ఈ భేదము చూచుటకు స్వల్పము. కాని పోయే దూరము వేగముతో గాక వేగపు వర్గముతో పెరుగుతుంది. గాలి నిరోధమును లెక్కలోనికి తీసుకొననిచో చేతిరాయి 41 మీటర్లు పోగా వడిసెల రాయి 98 మీటర్లు పోతుంది. వేగము ఒకటిన్నర రెట్లు, దూరము రెండు రెట్లకు పైగా. గతిజశక్తి కూడ వర్గము ననుసరించే పెరుగును. నూరు గ్రాముల రాయి సెకండుకు 30 మీటర్ల వేగముతో పోవునపుడు దాని గతిజశక్తి 45 జౌళ్ళు. తలకు తగిలినచో ప్రాణాపాయమే.

పోలీసుల చేతిలోని 0.303 అంగుళపు రైఫిలు గుండు శక్తి దీనికి కొన్ని పదుల రెట్లు. దూరములో అసలు పోలికయే లేదు. కాబట్టి బయట మైదానములో వడిసెల రైఫిలుకు సమాధానము కాదు. ఆ సంగతి ప్రజలు తమ రక్తముతో తెలుసుకొన్నారు. కాని ఊరి సందులు మైదానములు కావు. అక్కడ ఎదుటివాడు కనబడే దూరము ఇరవై, ముప్పది మీటర్లు. గోడ చాటున ఉన్నవానిపైకి రైఫిలు గుండు వంగి రాదు. వడిసెల రాయి మాత్రము ఇంటికప్పు మీదుగా ఎగిరి క్రిందికి పడుతుంది. పైగా దొరల గడీలలో ఉన్న తుపాకులు అన్నియు రైఫిళ్ళు కావు. వానిలో భర్మార్లు అనేకము. భర్మారు అనగా మూతి నుండి మందు పోసి, చింపిగుడ్డ కుక్కి, గుండ్లు వేసి, ఊచతో దట్టించి కాల్చే పాత తుపాకి. ఒక్కసారి ప్రేలిన పిమ్మట మరల సిద్ధమగుటకు అర నిమిషమో నిమిషమో పడుతుంది. ఆ వ్యవధిలో నలుగురు మనుషులు విసరే రాళ్ళు ఎన్ని అగునో ఊహించుకొనవచ్చును. వడిసెల బలము రాయిలో గాక రాళ్ళ లెక్కలో ఉన్నది.

రాయికి బదులు మరేదైన వాడవచ్చునా అని ఆలోచించినవారు ప్రాచీనకాలములోనే ఉన్నారు. క్రీ. పూ. 401లో పర్షియా దేశమునుండి మరలి వచ్చుచున్న గ్రీకు సైన్యముతో ఉన్న జెనొఫన్ అనే చరిత్రకారుడు ఒక విశేషము వ్రాసి పెట్టినాడు. పర్షియనుల వడిసెలలలో పిడికెడు రాళ్ళు ఉండెను. గ్రీకుల పక్షమున ఉన్న రోడ్స్ ద్వీపవాసులు సీసపు గుళ్ళు వాడినారు. రోడ్స్ వారి గుళ్ళు పర్షియనుల రాళ్ళ కంటె దూరము పోయినవి. కారణము సులభము. సీసపు సాంద్రత 11.3, మామూలు రాతి సాంద్రత 2.6, 2.7 మధ్య. ఒకే బరువు గల రెండు గుళ్ళు చేసినచో సీసపు గుండుకు గాలి తగిలే వైశాల్యము రాతిగుండు వైశాల్యములో అయిదింట రెండు వంతులకు మించదు. గాలి అడ్డము తగ్గుటచేత వేగము నిలుచును. రోమనులు ఈ గుళ్ళను బాదంకాయ ఆకారములో పోతపోసి, వానిపై శత్రువును వెక్కిరించే మాటలు కూడ అచ్చుపోసేవారు. అట్టివి ఇటలీలో పెరూజియా నగర ముట్టడి జరిగిన చోట దొరికినవి. సైనికుల హాస్యము ఏ కాలములోనైన ఒకటే కాబోలు.

తుపాకి వచ్చిన తరువాత కూడ సీసమే నిలిచినది. అది బరువైనది, 327 సెంటిగ్రేడు డిగ్రీలకే కరుగుతుంది, వంట పొయ్యి మీద కూడ పోతపోయవచ్చును. భర్మారుకు మరొక సదుపాయము ఉన్నది. సురేకారము, గంధకము, బొగ్గు కలిపిన నల్లమందు, సీసపు ముక్కలు ఉన్నచో చాలును; అవి లేనిచోట ఇనుప ముక్కలైనను కుక్కుతారు. 0.303 రైఫిలు సంగతి అట్లు కాదు. దాని తూటాలో ఇత్తడి గొట్టము, తాకిడికి అంటుకొనే టోపీ, పొగలేని మందు, లోహపు తొడుగు గల గుండు ఉంటవి. ఇవి కర్మాగారములో తప్ప తయారు కావు. కనుక దళమువారు పోలీసుల నుండి రైఫిలు లాగుకొన్నప్పటికి, దానికి తగిన తూటాలు కూడ లాగుకొననిచో అది గుత్పతో సమానము. ఏ తుపాకి మంచిదను ప్రశ్న చివరకు దేనికి మందుగుండు దొరుకును అను ప్రశ్నగా మారుట ఇట్టి పోరాటములలో సహజము.

గుండు ఎంత వేగముతో పోతుంది అనునది 18వ శతాబ్దము దాక ఎవరును కొలిచి చూడలేదు. కంటికి కనబడని దానిని కొలుచుట ఎట్లు? ఈ చిక్కును విప్పినవాడు బెంజమిన్ రాబిన్స్ అనే ఆంగ్లేయుడు. 1742లో ప్రకటించిన గ్రంథములో ఆయన ఒక ఉపాయము చెప్పినాడు. బరువైన కొయ్యదిమ్మను లోలకమువలె వ్రేలాడదీసి దానిలోనికి గుండును కాల్చవలెను. గుండు దిమ్మలో దిగబడి, రెండును కలిసి కదులును. ద్రవ్యవేగము నిత్యమైనది కనుక, గుండు 30 గ్రాములు, దిమ్మ 30 కిలోగ్రాములు అయినచో వేగము సుమారు వెయ్యింట ఒక వంతుకు తగ్గును. సెకండుకు 450 మీటర్ల వేగము 45 సెంటీమీటర్లుగా మారును. అప్పుడు దిమ్మ ఒక సెంటీమీటరు పైకి లేచును. దిమ్మకు కట్టిన రిబ్బను ఎంత జారినదో కొలిచి లెక్క వేసుకొనవచ్చును. దూదిమూటలో సీసపు ముక్కలు దాచి బరువు పెంచిన సంచిని దారముతో వ్రేలాడదీసి, ఉండివిల్లు బెడ్డతో ఈ ప్రయోగమును పాఠశాలలోనే చేయవచ్చును. బెడ్డ సంచిలో చిక్కుకొనవలెను, అంతే.

రాబిన్స్ కనుగొన్నది అందరిని ఆశ్చర్యపరచినది. గుండు వేగము అనుకొన్నదాని కంటె చాల ఎక్కువ. గాలి నిరోధము దానిని మించిన వింత: తుపాకి మూతి దగ్గర గుండుపై గాలి పెట్టే బలము గుండు బరువుకు నూరు రెట్లకు పైగా ఉన్నది. అంతవరకు గాలి లెక్కలోనిది కాదని తలచిన పండితులు తమ పట్టికలు సవరించుకొనవలసి వచ్చినది. సుప్రసిద్ధ గణితవేత్త ఆయిలర్ ఆ గ్రంథమును 1745లో వ్యాఖ్యతో జర్మను భాషలోనికి తెచ్చినాడు. ఈ రాబిన్స్ చివరకు ఈస్టిండియా కంపెనీ ఇంజనీరుగా మన దక్షిణదేశమునకే వచ్చి, 1751లో కడలూరు దగ్గరి సెంట్ డేవిడ్ కోటలో మరణించినాడు.

గాలి నిరోధము తగ్గించుటకు పొడవైన గుండు కావలెను. అది పల్టీలు కొట్టకుండుటకు తన చుట్టు తాను తిరగవలెను. అందుకు తుపాకి గొట్టములో మెలికల గాడులు ఉండవలెను, ఆ గాడులను గుండు గట్టిగా పట్టుకొనవలెను. మూతి నుండి దట్టించే తుపాకిలో ఇది ఎట్లు? ఇండియాలో పనిచేసిన కెప్టెన్ నార్టన్ అనే సైనికోద్యోగి ఇక్కడివారు ఊదుగొట్టముతో వేసే బాణముల అడుగున మెత్తని బెండు ఉండుట చూచి, ఊదినపుడు ఆ బెండు వ్యాకోచించి గొట్టమును మూయుట గమనించి, 1823లో అడుగు బోలుగా ఉన్న పొడవు గుండును రూపొందించినాడని చెబుతారు. ఆ ఊహనే 1849లో ఫ్రెంచి దేశీయుడు మీనియే పరిపూర్ణము చేసినాడు. ఆ జాతి గుండునే 1853 నమూనా ఎన్‌ఫీల్డ్ తుపాకిలో వాడినారు. ఆ తూటా కాగితమునకు పూసిన కొవ్వు 1857లో ఏమి చేసినదో ప్రతి విద్యార్థికి తెలుసును.

ఇంతవరకు వెదికినది దూరము, గురి. 1880 తరువాత పొగలేని మందు వచ్చి గుండు వేగము బాగుగ పెరిగిన పిమ్మట మరొక ఫిర్యాదు బయలుదేరినది. 1895లో చిత్రాల్ దండయాత్రలో క్రొత్త 0.303 గుండ్లు మనిషిలోనుండి సన్నని రంధ్రము చేసికొని పోవుచున్నవి, తగిలినవాడు ఆగక మీదికి వచ్చుచున్నాడు అని బ్రిటిషు సైనికులు మొరపెట్టినారు. కలకత్తా దగ్గరి డమ్‌డమ్ ఆయుధశాలలో కెప్టెన్ బెర్టీ క్లే గుండు కొనపై తొడుగును తీసి, లోపలి సీసమును బయట పెట్టినాడు. అట్టి గుండు తగలగానే పుట్టగొడుగువలె విచ్చుకొని పెద్ద గాయము చేయును. లోకములో ఇట్టి గుండ్లన్నిటికి 'డమ్‌డమ్' అని మన ఊరి పేరే స్థిరపడినది. గర్వింపదగిన కీర్తి కాదు. 1899 జూలై 29న హేగు నగరములో జరిగిన అంతర్జాతీయ సభ విచ్చుకొనే గుండ్లను యుద్ధములో వాడరాదని ప్రకటించినది. వెబ్లీ రివాల్వరుకై 1898లో తయారైన బోలు ముఖపు గుండు కూడ ఆ విధముగనే సైన్యమునుండి తొలగినది.

చేతి తుపాకి విషయములో అసలు వాదము ఇక్కడనుండి మొదలు. ఫిలిప్పీను దీవులలో అమెరికను సైనికుల 0.38 అంగుళపు రివాల్వర్లు కత్తితో దూకే మోరో వీరులను ఆపలేకపోయినవని చెప్పుకొన్నారు. 1904లో జాన్ థాంప్సన్ అనే అధికారి, లూయీ లగార్డ్ అనే సైనిక వైద్యుడు చికాగో పశువధశాలలో పశువులపైనను, మృతదేహములపైనను వివిధ తూటాలను పరీక్షించి, 0.45 అంగుళమునకు తగ్గని గుండు ఉండవలెనని తీర్మానించినారు. 1911లో అమెరికను సైన్యము స్వీకరించిన బ్రౌనింగ్ పిస్తోలు దీని ఫలితమే. పరీక్షింపబడిన జంతువులు కొద్ది. ఒక్కొక్క తూటాకు ప్రయోగ పరిస్థితులు ఒక్కొక్క విధముగా ఉండెను. శాస్త్ర విద్యార్థి ఎవరైనను ఇంత చిన్న సంఖ్యనుండి ఇంత పెద్ద నిర్ణయమునకు దిగుటకు సందేహించును. అయినను 'పెద్ద గుండు మనిషిని పడగొట్టును' అనే నమ్మకము ఎనుబది సంవత్సరములు చెక్కుచెదరక సాగినది. సినిమాలు దానికి తోడైనవి. గుండు తగలగానే మనిషి గాలిలో ఎగిరి వెనుకకు పడుట మనము ఎన్నిసార్లు చూడలేదు?

లెక్క చూడండి. 0.45 అంగుళపు గుండు బరువు సుమారు 15 గ్రాములు, వేగము సెకండుకు సుమారు 255 మీటర్లు. ద్రవ్యవేగము సెకండుకు 3.8 కిలోగ్రాము మీటర్లు. ఇది 70 కిలోగ్రాముల మనిషిలో పూర్తిగా దిగబడినను అతనికి కలిగే వేగము సెకండుకు అయిదున్నర సెంటీమీటర్లు మాత్రమే. చీమ నడక కంటె ఎక్కువే గాని మనిషి నడకకు చాల తక్కువ. న్యూటను మూడవ నియమము ప్రకారము, గుండు ఎదుటివానిని ఎగురగొట్టగలిగినచో కాల్చినవాడును వెనుకకు ఎగిరిపడవలెను గదా! ఇక మన నూరు గ్రాముల వడిసెల రాయి ద్రవ్యవేగము 3.0. పిస్తోలు గుండుకు ఇంచుమించు సమానము. గతిజశక్తిలో మాత్రము రాయికి 45 జౌళ్ళయితే గుండుకు 490కి దగ్గర. నెట్టుటలో రెండును ఒకటే; లోపలికి చొచ్చుటలో గుండు పదిరెట్లు బలమైనది. తుపాకి గుండు చేసే హాని అంతయు ఈ చొచ్చుటలో ఉన్నది.

ఈ సంగతి 1986 ఏప్రిల్ 11న అమెరికాలోని మయామి నగరములో మరొక విధముగా రుజువైనది. ఇద్దరు దోపిడీదొంగలకును కేంద్ర నేరపరిశోధక సంస్థ ఉద్యోగులకును కాల్పులు జరిగినవి. దొంగలలో ఒకనికి మొదటనే తగిలిన తొమ్మిది మిల్లీమీటర్ల గుండు భుజము గుండా పోయి ఛాతీలో దిగి, గుండెకాయకు ఒక అంగుళము ఇవతల ఆగిపోయినది. ఆ గాయము చివరకు ప్రాణాంతకమైనదే. అయినను అతడు వెంటనే పడిపోలేదు, ఇంకను కాల్చినాడు. ఇద్దరు ఉద్యోగులు చనిపోయినారు. తరువాత ఆ సంస్థ తూటాలను కండవలె మెత్తనైన జెలటిన్ దిమ్మలలోనికి కాల్చి పరీక్షించుట మొదలుపెట్టినది. కనీసము 12 అంగుళములు చొరవలెను, 18 అంగుళములు మించరాదు అని నియమము పెట్టినది. తక్కువైనచో దాడి ఆగదు. ఎక్కువైనచో వెనుక ఉన్న నిర్దోషికి తగులును. మొదట ఇంకను పెద్ద తూటాలవైపు మొగ్గి, 2014, 2015 నాటికి ఆ సంస్థయే మరల తొమ్మిది మిల్లీమీటర్లకు వచ్చినది. విచ్చుకొనే గుండ్ల తయారీ మెరుగుపడిన పిమ్మట పెద్ద చిన్న తూటాల మధ్య భేదము స్వల్పమైనదనియు, అదురు తక్కువైన తుపాకితో గురి కుదురుననియు వారి వాదము. హేగులో యుద్ధమునకు నిషేధించిన విచ్చుకొనే గుండునే పోలీసులు నిర్దోషుల రక్షణ పేరిట వాడుట చరిత్రలోని విచిత్రములలో ఒకటి.

దీనిని బట్టి చూచినచో చేతి తుపాకి గుండు తగిలినవాడు తక్షణము ఆగునని హామీ ఇచ్చే తూటా ఏదియు లేదు. మెదడు, వెన్నుపాము తెగినప్పుడు తప్ప, రక్తము పోయి స్పృహ తప్పుటకు కొన్ని సెకండ్లు పట్టును. గాయపడినవారిలో వెంటనే నిలిచిపోయేవారు అనేకులు భయముచేతనో బాధచేతనో నిలుచుచున్నారు గాని గుండు తోపుచేత కాదు. బాలెంల సందులలో రాళ్ళు చేసిన పనిలో కూడ పెద్ద పాలు దీనిదే అయి ఉండవలెను. ఎటునుండి వచ్చునో తెలియని వంద రాళ్ళ మధ్యకు నడచి పోవుటకు రైఫిలు ఉన్నవాడు కూడ జంకును.

మన దేశములో తూటా ఎంపిక భౌతికశాస్త్రము చేతిలో లేదు, చట్టము చేతిలో ఉన్నది. 1959 ఆయుధ చట్టము, దాని నియమముల ప్రకారము సైన్యము, పోలీసులు వాడే తొమ్మిది మిల్లీమీటర్ల వంటి తూటాలు సామాన్య పౌరునికి నిషిద్ధములు. లైసెన్సు పొందినవారికి మామూలుగా దొరికేది 0.32 అంగుళపు రివాల్వరు. కాన్పూరు కర్మాగారము 2014లో స్త్రీల కొరకని తెచ్చిన 'నిర్భీక్' కూడ ఆ కొలతదే. 2019 సవరణతో ఒకరికి రెండు తుపాకులకు మించి ఉండరాదన్నారు. అదే 1959 చట్టములో 'ఆయుధము' అనే మాటకు ఇచ్చిన నిర్వచనములో, కేవలము ఇంటికి, వ్యవసాయమునకు పనికివచ్చే వస్తువులను మినహాయించినారు. ఆ మినహాయింపునకు ఉదాహరణముగా చట్టము పేర్కొన్న వస్తువులలో మొదటిది లాఠీ, అనగా మన గుత్ప.